కామా మేడం దిద్దిన వ్యాసం

ఆవిడకు అమ్మానాన్నలు పెట్టిన పేరు జీతం కాగితాల్లో తప్ప మరెక్కడా మిగల్లేదు. పిల్లలకు, పిల్లల దగ్గర్నుంచి తోటి టీచర్లకు, వాళ్ల దగ్గర్నుంచి గేటు దగ్గర వాచ్‌మన్‌కు కూడా ఆవిడ కామా మేడమే. ఇరవై ఏడేళ్లుగా హైస్కూలు పిల్లలకు వ్యాసం రాయడం నేర్పుతోంది. పేజీ పొడుగునా ఆగకుండా ఒకే వాక్యం లాగించిన వాణ్ని లేపి నిలబెట్టి, పైకి చదవమనేది. వాడు ఊపిరాడక మధ్యలో ఆగితే, "అదిగో, అక్కడ పెట్టు కామా, బతుకుతావు" అనేది. క్లాసంతా నవ్వేది. వాడు జన్మలో మళ్లీ కామా మర్చిపోయేవాడు కాదు. మంచి టీచరు, ఆ మాట ముందే చెప్పేస్తున్నాను. తర్వాత జరిగింది విని ఎవరూ ఆవిణ్ని తీసిపారెయ్యకూడదు.

ఇంటి సంగతి వేరు. మూడో అంతస్తులో రెండు గదులు. పెళ్లి చేసుకోలేదు. ఎందుకు చేసుకోలేదని అడిగేవాళ్లు అడిగి అడిగి వాళ్లే అలిసిపోయారు. అమ్మతో ఉండేది. అమ్మ పెద్ద మాటకారి. కూతురు చెప్పులు విప్పేలోపే కిందింటివాళ్లకీ పక్కింటివాళ్లకీ ఆ రోజు జరిగిన యుద్ధమంతా పూసగుచ్చినట్టు చెప్పేసేది. కూతురేమో వ్యాసాల కట్ట ముందేసుకుని, కాసేపు ఊరుకోవే అమ్మా, దిద్దుకోవాలి అని విసుక్కునేది. మూడేళ్ల కిందట అమ్మ పోయింది. ఇప్పుడు దిద్దుకోవడానికి కావలసినంత నిశ్శబ్దం. తమ్ముడు వేరే ఊళ్లో ఉంటాడు, ఆదివారం ఫోన్ చేస్తాడు. తిన్నావా, మందులు వేసుకున్నావా, జాగ్రత్త, ఉంటానక్కా. ఈ నాలుగు మాటలకీ నిమిషమున్నర. ఒక్క మనిషికి వండుకోవడంలో ఉన్న బాధేమిటంటే, ఉప్పు ఎక్కువైనా తిట్టే దిక్కుండదు.

స్కూల్లో వ్యాసాలు నోటుపుస్తకాల్లోంచి కంప్యూటర్లోకి ఎక్కినప్పుడు అందరికంటే ఎక్కువ గోల చేసింది ఈవిడే. చేత్తో రాయకపోతే బుర్రలోకి ఎలా ఎక్కుతుందని స్టాఫ్ రూంలో పెద్ద ఉపన్యాసం ఇచ్చింది. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం మరి. కంప్యూటర్ మాస్టారు కుర్రాడు, ఓపిక ఉన్నవాడు. పక్కన కూచుని చూపించాడు. ఇది పేజీ. దీన్ని పిల్ల తన ఇంట్లోంచి తెరుస్తుంది, మీరు మీ ఇంట్లోంచి తెరుస్తారు, ఇద్దరికీ ఒకేసారి కనబడుతుంది. ఎవరు రాస్తుంటే అక్కడ వాళ్ల పేరుతో ఒక రంగు గీత ఆడుతుంటుంది. నలుగురేసి పిల్లల్ని జట్టు చేస్తే ఒకరి వ్యాసం ఒకరు చదివి పక్కన ప్రశ్నలు రాసుకుంటారు. మీరూ అలాగే అంచులో రాయాలి, అంతే. వ్యాసం లోపల మాత్రం చెయ్యి పెట్టకండి మేడం అని ఒకటికి రెండుసార్లు చెప్పాడు. అంత మాత్రం నాకు తెలియదా అన్నట్టు ఆవిడ కళ్లజోడు పైనుంచి చూసింది.

మొదటి రోజు సాయంత్రం ఏడింటికి, ఏదో మొక్కుబడిగా, వంటింట్లో బల్ల మీద ఆ పేజీలు తెరిచింది. ఒక పేరు వచ్చింది. ఇంకో పేరు. చూస్తుండగానే పన్నెండు మంది. ఎర్ర గీత, నీలం గీత, నారింజ గీత. ఒకడు రాసి కొట్టేస్తున్నాడు, ఒకమ్మాయి ఒకే మాట దగ్గర ఆలోచిస్తోంది, ఇద్దరు అంచులో తగువులాడుకుంటున్నారు. ఆవిడకు దొరికిన రంగు ఆకుపచ్చ. తను కదిలితే ఆ ఆకుపచ్చ గీత కదిలింది. "మేడం వచ్చారు" అని ఎవరో అంచులో రాశారు. ఇంట్లోకి చుట్టాలు దిగినట్టయింది ఆవిడకి. తొమ్మిదింటికి పిల్లల పేర్లన్నీ ఒక్కొక్కటే వెళ్లిపోయాక, పొయ్యి మీద పెట్టిన గిన్నె మాడిపోయిందని అప్పుడు తెలిసింది.

అప్పట్నుంచి రోజూ ఏడింటికి హాజరు. మొదట్లో అంచులోనే ఉంది పాపం. "ఇక్కడ ఇంకొంచెం చెప్పు." "ఇది నిజంగా చూశావా?" చక్కటి ప్రశ్నలు. తర్వాత ఒకరోజు ఒక అక్షరం సరిచేసింది. అక్షరమే కదా. ఇంకోరోజు ఒక కామా. కామా మేడం కామా పెట్టకపోతే ఎలా? ఆ తర్వాత ఒక మాట, ఒక వాక్యం. తను తిరగరాస్తుంటే పిల్ల గీత పక్కనే ఆగి చూస్తుంటుంది. ఇద్దరూ ఒకే బల్ల మీద కూచున్నట్టుండేది. అంచులో ప్రశ్న రాస్తే పిల్లలు రేపు చూద్దాంలే అని వెళ్లిపోతారు, లోపల రాస్తుంటే ఆగుతారు. ఈ సంగతి ఆవిడ పనిగట్టుకుని కనిపెట్టలేదు, చేతికి తెలిసిపోయింది. పిల్లలు మాత్రం తక్కువ తిన్నారా? నాలుగు ముక్కలు అడ్డదిడ్డంగా రాసి పారేస్తే చాలు, మిగతాది మేడం చూసుకుంటుందని కనిపెట్టేశారు. అందరి వ్యాసాలూ బాగుపడ్డాయి. అన్నీ ఒకేలా బాగుపడ్డాయి. హెడ్మాస్టరు మెచ్చుకున్నారు.

ఆ ఏడాది దూరంగా ఉన్న ఒక పెద్ద కాలేజీ వాళ్లు ఈ స్కూలుకు ఒక్క సీటు ఇస్తామన్నారు. రెండేళ్లు చదువు, హాస్టలు, పుస్తకాలు, అన్నీ వాళ్లవే. మార్కులు చూడరు. ఒక వ్యాసం, ఆరు వారాలు, వాళ్లిచ్చిన పేజీలోనే రాయాలి. "మా ఇంట్లో అందరికంటే ముందు లేచే మనిషి" అన్నది విషయం. టీచరు సలహా చెప్పొచ్చు. నిబంధనలు తొమ్మిది. ఎనిమిదో దాంట్లో, వ్యాసం ఎలా పెరుగుతూ వచ్చిందో కూడా చూస్తామని ఉంది. ఎనిమిదో నిబంధన దాకా చదివే ఓపిక ఎవరికుంటుంది చెప్పండి.

టీచర్లంతా కలిసి బస్సు డ్రైవరు కూతుర్ని ఎంచారు. పదో తరగతి, ముగ్గురు పిల్లల్లో పెద్దది, మాట తక్కువ. ఒకటే గది ఇల్లు. చదువుకోవడానికి మెట్ల మీద కూచుంటుంది. ఈ సీటు వస్తే చదువు, లేకపోతే అత్త పనిచేసే బట్టల కొట్లో బిల్లులు కొట్టే ఉద్యోగం. ఆ ఉద్యోగం మాట అప్పటికే ఖాయమైపోయింది. అందుకే కామా మేడం ఈ వ్యాసాన్ని తన నెత్తిన వేసుకుంది. ఆరు వారాలూ రోజూ సాయంత్రం ఆ పిల్ల పేజీలోనే ఉంది. పిల్లది వంకాయరంగు గీత. అది ఉన్నంతసేపూ ఈవిడకు గదిలో మనిషి ఉన్నట్టే ఉండేది. ఒకసారి జ్వరంతో పిల్ల రెండ్రోజులు రాకపోతే, ఖాళీ పేజీ తెరిచి పెట్టుకుని భోజనం చేసింది. ఈ మాట ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

వ్యాసం పంపిన పది రోజులకు ఉత్తరం వచ్చింది. హెడ్మాస్టరు గదిలో ఫ్యాను కింద నిలబడి చదివింది. వెయ్యి మాటల వ్యాసంలో ఏడు వందల నలభై మాటలు టీచరు పేరుతో ఎక్కాయట. ఈ వ్యాసం ఎవరిదో వారం రోజుల్లో తెలియజేయండి, విద్యార్థిని సంతకం కూడా ఉండాలి అని రాశారు. ఎక్కడా కోపం లేదు ఆ ఉత్తరంలో. అందుకే మరీ భయమేసింది.

హెడ్మాస్టరు అనుభవం ఉన్న మనిషి. దీనికింత కంగారెందుకు మేడం అన్నారు. ఆ పిల్ల ఇంట్లో కంప్యూటర్ లేదు, తండ్రి ఫోన్‌లో రాసింది కదా, ఫోన్ చెడిపోయిందని రాద్దాం. పిల్ల మీకు నోటితో చెప్పింది, మీరు టైపు చేశారు. దీన్ని అబద్ధం అనరు, సర్దుబాటు అంటారు. పిల్ల బతుకు బాగుపడుతుంది, మీ పేరు నిలబడుతుంది, స్కూలు పేరు నిలబడుతుంది. ఒక్క దెబ్బకు మూడు పిట్టలు. ఆయనే కాగితం కూడా తయారు చేయించారు. కామా మేడం సంతకం పెట్టింది. పెట్టిందండీ, దాచడానికేముంది. పెట్టాక రెండు కామాలు కూడా సరిచేసింది.

మర్నాడు పిల్లను పిలిచి, ఖాళీ క్లాసులో కూచోబెట్టి, కాగితం ముందుపెట్టింది. పిల్ల చదివింది. పెన్ను తీసుకుంది. తలెత్తకుండానే అడిగింది.

"సంతకం పెడతాను మేడం. కానీ వాళ్లు పిలిచి, కర్మయోగి అంటే ఏమిటని అడిగితే ఏం చెప్పను?"

కామా మేడం కాగితం వెనక్కి లాక్కుంది. ఆ మాట తనదే. పిల్లది కాదు. ఇరవై ఏడేళ్లుగా ప్రతి నాన్నకూ, ప్రతి రైతుకూ, ప్రతి సైనికుడికీ ఆవిడే తగిలిస్తూ వచ్చిన మాట. సంతకం రేపు పెడుదువులే అని చెప్పి పిల్లను పంపేసింది.

ఆ సాయంత్రం ఏడు కాకుండానే పేజీ తెరిచింది. కంప్యూటర్ మాస్టారుకు ఫోన్ చేసి, కాలేజీ వాళ్లు చూశారే, ఆ మార్పుల పట్టిక, అది ఎలా తెరవాలని అడిగింది. ఫలానా చోట నొక్కితే మొదటి రోజు నుంచీ ఎవరు ఏం రాశారో, ఎవరు ఏం కొట్టేశారో, ఎవరు ఎప్పుడొచ్చి వెళ్లారో, గంటా నిమిషాలతో సహా వస్తుందన్నాడు. నొక్కింది. మొదటి రోజుకు వెళ్లింది. అక్కడ ఆకుపచ్చ అన్నది లేదు, అంతా వంకాయరంగే.

"మా నాన్న నాలుగింటికి లేస్తాడు. లైటు వెయ్యడు. చీకట్లోనే గుండీలు పెట్టుకుంటాడు ఒక్కోసారి తేడాగా పెట్టుకుని వెళ్లిపోతాడు. మొదటి బస్సు ఆయనదే. ఎవరు ఎక్కడ ఎక్కుతారో ఎవరు ఏ సీట్లో నిద్రపోతారో మా నాన్నకు తెలుసు. నేను ఏ క్లాసు చదువుతున్నానో మాత్రం ఒక్కోసారి మర్చిపోతాడు. నాకు కోపం రాదు. వాళ్లు ఆయనకు రోజూ అద్దంలో కనబడతారు. మేం ఆయనకు నిద్రపోతూ కనబడతాం."

కామాలు రెండు తక్కువ. అంతకు మించి అందులో దిద్దడానికి ఏమీ లేదు. తర్వాతి రోజుకు వెళ్లింది. ఆకుపచ్చ దిగింది. "ప్రత్యూష వేళ పక్షుల కిలకిలారావాలకన్నా ముందే మేల్కొని, కుటుంబ శ్రేయస్సే ధ్యేయంగా, కష్టాన్నే ఇష్టంగా మలుచుకున్న కర్మయోగి మా నాన్నగారు." ఛీ అనుకుంది ఆవిడ, పైకే. ఇది రాసినప్పుడు ఎంత సంబరపడిందో కూడా గుర్తొచ్చింది.

పట్టికలో ఆ మర్నాటికి వెళ్తే, వంకాయరంగులో మళ్లీ "మా నాన్న నాలుగింటికి లేస్తాడు" అని ఉంది. పిల్ల తిరిగి రాసుకుంది. గంట తర్వాత ఆకుపచ్చ దాన్ని కొట్టేసింది. రెండ్రోజులకు పిల్ల మళ్లీ రాసింది. ఆకుపచ్చ మళ్లీ కొట్టేసింది. మూడోసారి కూడా రాసింది, ఆ నోట్లో నాలుక లేని పిల్ల. మూడోసారి ఆకుపచ్చ కొట్టేసినప్పుడు పిల్ల పేజీలోనే ఉంది. ఏడూ ఇరవై రెండుకు ఆ వాక్యం పోయింది. ఏడూ ముప్ఫై మూడుకు పిల్ల వెళ్లిపోయింది. మధ్యలో పదకొండు నిమిషాలు ఒక్క అక్షరం లేదు. ఆ తర్వాత నాలుగు వారాల్లో వంకాయరంగు లోపలికి రాలేదు. రోజూ వచ్చి నిలబడి, అంచులో "సరే మేడం" అని రాసి వెళ్లింది.

ఆ పదకొండు నిమిషాలూ కామా మేడంకు బాగా గుర్తున్నాయి. ఆ రోజుకు అమ్మ పోయి సరిగ్గా మూడేళ్లు. పొద్దుట్నుంచీ ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. సాయంత్రం ఆ పిల్ల గీత తన గీత పక్కన కదలకుండా అంతసేపు నిలబడితే, ఎంత మంచి పిల్లో, చెప్పకుండానే తోడు కూచుంది అనుకుంది. ఆ తృప్తితోనే అన్నం తింది. ఇప్పుడు తెలిసింది ఆ పిల్ల ఎందుకు కదల్లేదో. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి ఏడ్చింది. కనీసం ఆ పిల్ల కోసం ఏడుస్తున్నానా, నా కోసమా అని మధ్యలో అనుమానం కూడా వచ్చింది. రెండూ అనుకుంటే సరిపోతుంది.

మర్నాడు మధ్యాహ్నం డ్రైవరు స్వయంగా స్కూలుకు వచ్చాడు. డ్యూటీ దిగి, యూనిఫారంలోనే, వరండాలో బెంచీ చివర కూచున్నాడు. ఏదో సంతకం అంటున్నారట, పిల్ల రాత్రి అన్నం తినలేదు. అసలు సంగతేమిటో కనుక్కుందామని వచ్చానన్నాడు. చదువుకున్న వాళ్ల ముందు మాట్లాడటం అలవాటు లేని మనిషి, టోపీ చేతుల్లో తిప్పుతూ అడిగాడు.

"మా అమ్మాయి ఏమన్నా తప్పు చేసిందా మేడం?"

సర్దుబాటు కాగితం ఆవిడ చేతిలో ఉంది. లేదండీ, చిన్న సంతకం, అంతే అనొచ్చు. అంటే ఆయన దణ్ణం పెట్టి వెళ్లిపోతాడు. బెంచీ మీద ఆయన పక్కనే కూచుంది.

"చెయ్యలేదు. నేను చేశాను. మీ అమ్మాయి బాగా రాసింది, నేను దాన్ని కొట్టేసి నాది రాశాను. తను తిరిగి రాసుకుంటే మళ్లీ కొట్టేశాను, మూడుసార్లు."

డ్రైవరు టోపీ తిప్పడం ఆపాడు. మరి ఆ చేసిందేదో చెప్పేస్తే సీటు పోతుందా అని అడిగాడు. పోవచ్చు అంది. చెప్పకపోతే? రావచ్చు. ఆయన టోపీ తల మీద పెట్టుకుని లేచాడు. సీటు ఎక్కడా దొరక్క నిలబడి వెళ్లేవాళ్లను రోజూ చూస్తూనే ఉంటాను మేడం, వాళ్లూ దిగాల్సిన చోట దిగుతారు, మీకేది న్యాయమనిపిస్తే అది చెయ్యండి అన్నాడు. తిట్టి ఉంటే ఆవిడకు తేలిగ్గా ఉండేది.

హెడ్మాస్టరు ముందు ఆవిడ పాత కాగితం చింపేసింది. ఆయన తల పట్టుకున్నారు. కోరి కొరివితో తల గోక్కోవడం అంటే ఇదేనన్నారు. ఆవిడ కొత్త ఉత్తరం రాసింది. వ్యాసంలో తప్పంతా నాది, పిల్ల మూడుసార్లు అడ్డు చెప్పింది, అదీ పట్టికలో ఉంది, దయచేసి మొదటి రోజు రాసింది చదవండి. తేదీ, గంట కూడా వేసింది. చిన్న చిన్న వాక్యాలు. అంత పొట్టి ఉత్తరం ఆవిడ జన్మలో రాయలేదు.

జవాబు రావడానికి తొమ్మిది రోజులు పట్టింది. ఆ తొమ్మిది రోజులూ ఆవిడ వరండాలో పిల్ల ఎదురుపడితే పక్కకు తప్పుకుంది. చివరికి రాశారు: పిల్లను మా దగ్గరికి పంపండి, మా గదిలో కూచుని అదే విషయం మీద కొత్తగా రాయాలి, రెండు గంటలు, తోడు తండ్రి రావచ్చు, టీచరు రాకూడదు. టీచరును ఇకపై పిల్లల పేజీల్లో మార్పులు చేయనివ్వొద్దని స్కూలుకు వేరే రాశారు. కంప్యూటర్ మాస్టారు ఆ పని చేస్తూ క్షమించండి మేడం అన్నాడు. నువ్వు ముందే చెప్పావు కదా నాయనా అంది.

ఆ రోజు నుంచి సాయంత్రం పేజీ తెరిస్తే అన్నీ కనబడతాయి, లోపల ఏదీ తాకడానికి లేదు. అంచు ఒక్కటే ఆవిడది. కళ్లెదుట పిల్లలు తప్పు మీద తప్పు రాస్తున్నా చేతులు ఒళ్లో పెట్టుకుని చూడాలి. అంచులో ప్రశ్న రాస్తే చదివి, ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతారు. మేడం దిద్దదని తెలిశాక సాయంత్రాలు వచ్చేవాళ్లే తగ్గిపోయారు. కొందరు మాత్రం తెల్లారి లేచి, వాళ్లంతట వాళ్లు ఏదో రాసుకుంటున్నారు. బాగానే రాస్తున్నారు. ఎవరికి వాళ్లు వేరేగా రాస్తున్నారు. అది చూసి సంతోషించాల్సింది టీచరుగా, సంతోషించింది కూడా. ఏడు నుంచి తొమ్మిది దాకా ఇంట్లో మాత్రం ఫ్రిజ్ చప్పుడు తప్ప ఏమీ ఉండేది కాదు.

నెల తిరక్కముందే సీటు వచ్చింది. పిల్లే వచ్చి చెప్పింది, స్టాఫ్ రూంలో అందరూ క్లాసులకు వెళ్లిన సమయంలో. ఆదివారం ప్రయాణమట. నాన్న సెలవు పెట్టి దిగబెడతాడట. కామా మేడం చాలాసేపు పిల్ల చెయ్యి వదల్లేదు. దుప్పటి కొనుక్కున్నావా, తాళంకప్ప కొనుక్కున్నావా అని తల్లి అడగాల్సినవన్నీ అడిగింది. తర్వాత ఉండబట్టలేక అడిగేసింది, ఈసారి ఎలా రాశావని.

వాళ్లిచ్చిన నకలు సంచిలోనే ఉందంది పిల్ల. సంచి జిప్పు సగం లాగింది. లాగి ఆగింది.

"చూపిస్తాను మేడం. కానీ మీరు దిద్దుతారు."

ఎత్తిపొడుపు కాదు. సాయంత్రం వాన పడుతుంది అన్నట్టు అంది. దిద్దనమ్మా అనబోయింది కామా మేడం. ఆ మాట నోటి చివరిదాకా వచ్చింది. అప్పుడు చూసుకుంది, కుడి చేతిలో ఎర్ర పెన్ను ఉంది, మూత తీసి ఉంది. ఎప్పుడు తీసిందో ఆవిడకే తెలియదు.

"నా చేతి మీద నాకే నమ్మకం లేదమ్మా. వద్దులే, నాకు చూపించకు."

పిల్ల ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూసి, జిప్పు మూసేసింది. వెళ్లొస్తాను మేడం అంది. జాగ్రత్త అంది ఆవిడ. బెల్లు కొట్టారు. తర్వాతి పీరియడ్ ఎనిమిదో తరగతి. ఆ వ్యాసంలో ఏముందో కామా మేడంకు ఈనాటికీ తెలియదు.